రాజీనామా రాసే ముందు చదవండి: పనిచోట వేధింపులపై అపోహలు - వాస్తవాలు

కర్నూలు ఆస్పత్రుల్లో నర్సులు, ఆదోని జిన్నింగ్ మిల్లుల్లో కూలీలు, తాడిపత్రి బండల ఫ్యాక్టరీల్లో పనివాళ్లు, కడప బట్టల షాపుల్లో సేల్స్‌గర్ల్స్, అనంతపురం ప్రైవేటు కాలేజీల్లో లెక్చరర్లు. చేసే పని వేరైనా, వేధింపుల దగ్గరికొచ్చేసరికి అందరి నోటా అవే మాటలు. వాటిలో చాలావరకు తప్పు. చట్టం లేక నష్టపోయే వాళ్లకన్నా గడువు దాటిపోయి, పెట్టకూడని చోట సంతకం పెట్టి నష్టపోయే వాళ్లనే మేం ఎక్కువగా చూస్తున్నాం. అందుకే ఇది రాస్తున్నాం.

అపోహ: "మాటలంటే కేసు యాడుంటాది? ఆడోళ్ల విషయమైతేనే చట్టం."

పనిచోట సతాయింపు మొత్తానికీ కలిపి ఒకే చట్టం లేదన్నది నిజమే. కానీ అవతలి మనిషి ఏం చేశాడన్న దాన్నిబట్టి చట్టం మారుతుంది. స్త్రీపై లైంగిక వేధింపయితే 2013 నాటి ప్రత్యేక చట్టం. చెయ్యి చేసుకుంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 115(2). గదిలో పెట్టి తలుపేసి సంతకం చేయించుకుంటే అక్రమ నిర్బంధం, సెక్షన్ 127. "నీ అంతు చూస్తా" అని బెదిరిస్తే 351. వైకల్యం ఉన్న ఉద్యోగిని నలుగురిలో కావాలని అవమానిస్తే దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని సెక్షన్ 92 కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు. ఇందులో 2013 చట్టం తప్ప మిగిలినవన్నీ మగవాళ్లకూ వర్తిస్తాయి. 2024 జూలై 1కి ముందు జరిగిన ఘటన అయితే పాత ఐపీసీ సెక్షన్లే రాయాలి.

ఇక డ్యూటీలు మార్చి మార్చి వేయడం, సెలవు ఇవ్వకపోవడం, అందరి ముందూ కించపరచడం లాంటివి. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకొచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం 20 మంది, అంతకన్నా ఎక్కువ మంది కార్మికులున్న ప్రతి సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. అందులో యాజమాన్యం వాళ్లు, కార్మికులు సమాన సంఖ్యలో ఉండాలి. సమస్య మొదలైన ఏడాదిలోపు అర్జీ ఇవ్వచ్చు, 30 రోజుల్లో కమిటీ తేల్చాలి. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. టార్గెట్ అడగడం, పని బాగోలేదని మెమో ఇవ్వడం వాటంతట అవే వేధింపు కావు. వాటినీ, అసలు వేధింపునూ కలగాపులగం చేసి పది పేజీలు రాస్తే అసలుది ఆ పదిలో మునిగిపోతుంది.

అపోహ: "ముందు ఉద్యోగం మానేసి, తర్వాత వాళ్ల సంగతి చూద్దాం."

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే ఆలోచన ఇదే. "వ్యక్తిగత కారణాల వల్ల రాజీనామా చేస్తున్నాను" అని మీ చేతితో రాసిస్తే, తర్వాత ఏ అధికారి దగ్గరికెళ్లినా అవతలి వాళ్లు ముందు తీసేది ఆ కాగితమే. ఉద్యోగంలోంచి తీసేస్తే దాన్ని ప్రశ్నించే దారి చట్టంలో ఉంది. రాజీనామా చేస్తే, అది బలవంతంగా రాయించుకున్నారని రుజువు చేసే భారం మీ మీద పడుతుంది. వెళ్లక తప్పదనుకుంటే కారణం ఉన్నది ఉన్నట్టు రాయండి: ఏ తేదీన ఎవరు ఏం చేశారు, ఎవరికి ఫిర్యాదు ఇచ్చారు, ఏ జవాబూ రాలేదు అని.

ఇప్పటికే బలవంతంగా రాయించుకుని ఉంటే ఆ రోజే మెయిల్ పెట్టండి. ఎన్ని గంటలకు, ఏ గదిలో, ఎవరి ముందు రాయించుకున్నారో చెప్పి, అది మీ ఇష్టప్రకారం రాసింది కాదని, వెనక్కి తీసుకుంటున్నానని రాయాలి. అదే స్పీడ్ పోస్టులోనూ పంపండి. రసీదు మీద అచ్చు కొన్ని నెలలకే వెలిసిపోతుంది కాబట్టి వెంటనే జిరాక్స్ తీసి, డెలివరీ రిపోర్టు ప్రింటు దానికి జతచేసుకోండి. మరుసటి రోజు డ్యూటీకి వెళ్లండి. గేటు దగ్గర ఆపితే అక్కడినుంచే హెచ్ఆర్‌కు మెసేజ్ పెట్టండి.

తీసేసిన పక్షంలో కార్మికులు లేబర్ ఆఫీసులో కన్సిలియేషన్ ఆఫీసర్‌కు (రాజీ కుదిర్చే అధికారికి) అర్జీ పెట్టుకోవాలి. 45 రోజుల్లో తేలకపోతే నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్లచ్చు, కానీ తీసేసిన నాటినుంచి రెండేళ్లలోపే. మేనేజర్లు, నెలకు 18,000 దాటి జీతం తీసుకునే సూపర్‌వైజర్లు ఈ దారిలోకి రారు. మిగిలిన జీతం మాటకొస్తే, మానేసినా తీసేసినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చి ఇవ్వాలని వేతనాల కోడ్ చెబుతోంది. ఇది కార్మికులకే కాదు, ఉద్యోగులందరికీ.

అపోహ: "మా దగ్గర కమిటీ లేదు, హెడ్డాఫీసు హైదరాబాద్‌లో ఉంది. యాడ చెప్పుకోవాల?"

లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినడానికి 2013 చట్టం ప్రకారం పదిమంది పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. పదిమందీ ఆడవాళ్లే కానక్కర్లేదు. మగవాళ్లు, కాంట్రాక్టు వాళ్లు, రోజుకూలీలు, ట్రైనీలు అందరూ లెక్కలోకి వస్తారు. బ్రాంచి వేరే ఊర్లో ఉంటే అక్కడ కూడా కమిటీ వేయాలి. దానికి అధ్యక్షురాలు సీనియర్ మహిళా ఉద్యోగి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు, బయటి సంస్థ నుంచి ఒకరు ఉండాలి. చాలాచోట్ల నోటీసు బోర్డు మీద హెచ్ఆర్ మేనేజర్ పేరొక్కటే ఉంటుంది. అది కమిటీ కాదు. కమిటీ వేసిన ఆర్డర్ కాపీ అడగండి. వేయకపోతే యజమానికి 50,000 రూపాయల వరకు జరిమానా.

పదిమంది కన్నా తక్కువ ఉన్నా, వేధించింది స్వయంగా యజమానే అయినా ఫిర్యాదు జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్లాలి. ఇళ్లలో పనిచేసే వాళ్లకూ అదే. గ్రామాల్లో, పట్టణాల్లో ఫిర్యాదు తీసుకునే నోడల్ అధికారి ఏడు రోజుల్లో దాన్ని కమిటీకి పంపాలి. ఆ అధికారి ఎవరో తెలియకపోతే కలెక్టరేట్‌లోనో, మహిళా శిశు సంక్షేమ శాఖ జిల్లా కార్యాలయంలోనో అడగండి. షీ-బాక్స్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా కూడా పెట్టచ్చు.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. సోమవారం గ్రీవెన్స్‌లో కలెక్టర్ గారి పేరున అర్జీ ఇచ్చి, రసీదు చేతికి రాగానే పనైపోయిందనుకుంటారు. ఆ అర్జీ "సంబంధిత శాఖ"కు పోతుంది. ఒక్కోసారి ఆ శాఖ మీరు ఫిర్యాదు చేసిన మనిషిదే అవుతుంది. పైన "అధ్యక్షురాలు, స్థానిక కమిటీ" అని, విషయంలో "2013 చట్టం సెక్షన్ 9 కింద ఫిర్యాదు" అని రాయండి. సాక్షుల పేర్లు, అడ్రసులు, ఆధారాలు జతచేసి ఆరు కాపీలు ఇవ్వాలి. ఏడో కాపీ మీద ముద్ర వేయించుకుని మీ దగ్గర ఉంచుకోండి. రాయలేని వాళ్లకు రాసిపెట్టే బాధ్యత కమిటీదే.

పనిచోటు అంటే ఆఫీసు నాలుగు గోడలే కాదు. కొప్పర్తికి వెళ్లే కంపెనీ బస్సు కూడా పనిచోటే.

అపోహ: "హెచ్ఆర్ వాళ్లు చూస్తామన్నారు, అంతవరకు ఆగుదాం."

గడువు ఆగదు. లైంగిక వేధింపయితే చివరి ఘటన జరిగిన నాటినుంచి మూడు నెలల్లోపు అంతర్గత కమిటీకో, స్థానిక కమిటీకో ఫిర్యాదు అందాలి. తగిన కారణముంటే కమిటీ దాన్ని రాతపూర్వకంగా నమోదు చేసి ఇంకో మూడు నెలలు పొడిగించచ్చు. అంతే. హెచ్ఆర్‌తో నోటిమాటగా చెప్పినవి, వాట్సాప్‌లో "సార్, ప్లీజ్" అని పెట్టినవి ఆ ఫిర్యాదు కిందికి రావు. ఫిర్యాదు అందాక ఏడు పనిదినాల్లో ఎదుటివారికి కాపీ, వాళ్ల జవాబుకు పది పనిదినాలు, విచారణకు 90 రోజులు, ఆ తర్వాత పది రోజుల్లో నివేదిక, 60 రోజుల్లో యజమాని చర్య. ఈ తేదీలు క్యాలెండర్‌లో రాసుకుని ఒక్కోటి దాటగానే రాతపూర్వకంగా గుర్తుచేయండి.

విచారణ జరిగేన్నాళ్లూ ఆ మనిషి కిందే పనిచేయాలనేం లేదు. బదిలీ అడగచ్చు. మీకున్న సెలవులు కాక మూడు నెలల వరకు అదనపు సెలవు అడగచ్చు. మీ పనితీరు రిపోర్టు అతను రాయకుండా ఆపమని కూడా అడగచ్చు. రాతపూర్వకంగా అడిగితేనే కమిటీ వీటికి సిఫార్సు చేస్తుంది. చాలామంది అడగరు, అదే బాధ.

అపోహ: "సాక్ష్యం లేకపోతే తిరిగి నా మీదే కేసు పెడతారు."

రుజువు చేయలేకపోయినంత మాత్రాన ఫిర్యాదుదారుపై చర్య తీసుకోకూడదని సెక్షన్ 14 స్పష్టంగా చెబుతోంది. ద్వేషంతో, అబద్ధమని తెలిసీ పెట్టారని విచారణలో తేలితేనే చర్య. అయినా ఆధారం కూడబెట్టుకోవాలి, అది మొదటిరోజు నుంచే మొదలవ్వాలి.

"మేనేజర్ నన్ను చాలాకాలంగా మానసికంగా వేధిస్తున్నాడు" అని రాస్తే కమిటీకి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఇలా రాయండి: "మార్చి 4, సాయంత్రం 6:20, షిఫ్ట్ మారే వేళ, బిల్లింగ్ కౌంటర్ దగ్గర. చెయ్యి పట్టుకుని 'నైట్ డ్యూటీ వద్దంటే నేను చెప్పినట్టు వినాల' అన్నాడు. ఫార్మసీ అమ్మాయి, వార్డ్ బాయ్ అక్కడే ఉన్నారు. 6:45కి అక్కకు ఫోన్ చేసి చెప్పాను." ఇందులో ప్రతి ముక్కకూ ఒక ఆధారం దొరుకుతుంది. డ్యూటీ రోస్టర్, సీసీ కెమెరా, ఇద్దరు సాక్షులు, కాల్ లిస్టు. సీసీ కెమెరా రికార్డు కొన్నాళ్లకు దానంతటదే చెరిగిపోతుంది కాబట్టి ఆ తేదీ ఫుటేజీ భద్రపరచమని వెంటనే మెయిల్ పెట్టండి.

మీరు పాల్గొన్న సంభాషణను మీరు రికార్డు చేసుకుంటే అది సాక్ష్యానికి పనికిరాదనే మాట తప్పు. 1972లోనే సుప్రీంకోర్టు మల్కానీ కేసులో అలాంటి రికార్డింగును ఒప్పుకుంది. కోర్టుకు ఇచ్చేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. అందుకని అసలు ఫోన్ అమ్మకండి, రీసెట్ చేయకండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు, చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి. ఆఫీసు ఫైళ్లు, పేషెంట్ల రికార్డులు మాత్రం మీ మెయిల్‌కు పంపుకోకండి. దాన్నే సాకుగా చూపి మిమ్మల్ని సస్పెండ్ చేస్తారు.

అపోహ: "కులం పేరుతో తిడితే యాడ తిట్టినా అట్రాసిటీ కేసే."

1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(ఆర్), 3(1)(ఎస్) వర్తించాలంటే ఆ అవమానం జనం చూసేచోట జరగాలి. తలుపేసిన క్యాబిన్‌లో మీరిద్దరే ఉన్నప్పుడు అన్న మాటకు ఈ సెక్షన్లు నిలబడవని 2020లో హితేష్ వర్మ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూపిస్తారు. కాబట్టి ఫిర్యాదులో అన్న మాట అన్నట్టే రాయాలి, ఆ మాట చెవినపడ్డ వాళ్ల పేర్లు రాయాలి. మాట మరీ నీచంగా ఉందని "అసభ్యంగా దూషించాడు" అని సరిపెడితే కేసు అక్కడే నీరుగారుతుంది. ఈ కేసుల్లో ఎఫ్‌ఐఆర్ కట్టడానికి ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదు. దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీ స్థాయి అధికారి.

అపోహ: "కమిటీకి పోతే పోలీసులకు పోకూడదు."

రెండూ ఒకేసారి నడుస్తాయి. పోలీసు ఫిర్యాదు పెట్టాలనుకునే మహిళకు సాయం చేయడం యజమాని బాధ్యత అని 2013 చట్టమే చెబుతోంది. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి. అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లచ్చు.

అపోహ: "పెద్దమనుషుల్లో పెట్టి ఎంతో కొంత ఇప్పిస్తే అయిపోతాది."

ఫిర్యాదు చేసిన మహిళ తనంతట తాను అడిగితేనే కమిటీ రాజీ ప్రయత్నం చేయాలి. డబ్బు ఆధారంగా రాజీ కుదర్చకూడదు. ఆమె పేరు, ఫిర్యాదులోని విషయాలు బయటపెట్టడమూ తప్పే.

అపోహ: "సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర, బాండు వాళ్ల దగ్గర. ఇంకేం చేయగలం?"

చదువు సర్టిఫికెట్లు మీ సొత్తు, వాటిని తాకట్టులా పెట్టుకునే హక్కు సంస్థకు లేదు. లీగల్ నోటీసు వెళ్లగానే తిరిగిచ్చేవాళ్లే ఎక్కువ. బాండు సంగతి వేరు. "బాండులు చెల్లవు" అనేదీ తప్పే, "రాసినంతా కట్టాల్సిందే" అనేదీ తప్పే. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం అందులో రాసిన మొత్తానికి మించకుండా, కోర్టు సమంజసమనుకున్న పరిహారమే వస్తుంది. మీ ట్రైనింగుకు వాళ్లు నిజంగా ఖర్చుపెట్టారా లేదా అన్నది అక్కడ చాలా ముఖ్యం.

అపోహ: "లాయర్‌కు ఇచ్చేదానికి డబ్బుల్లేవు."

కమిటీ విచారణలో ఇరుపక్షాలకూ లాయర్‌ను తెచ్చుకునే వీల్లేదు, కాబట్టి అక్కడ ఆ ఖర్చే లేదు. కోర్టుకు వెళ్లాల్సి వస్తే మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది. టోల్‌ఫ్రీ నంబరు 15100. వెళ్లేటప్పుడు అపాయింట్‌మెంట్ లెటర్, చివరి మూడు నెలల జీతం చీటీలు లేదా బ్యాంకు స్టేట్‌మెంట్, ఐడీ కార్డు, తేదీలవారీగా రాసుకున్న కాగితం, ముద్ర వేయించుకున్న ఫిర్యాదు కాపీ తీసుకెళ్లండి. అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వని చోట పీఎఫ్ పాస్‌బుక్, ఈఎస్‌ఐ కార్డు, డ్యూటీ గ్రూపులోని వాట్సాప్ మెసేజీలు కూడా మీరు అక్కడ పనిచేశారని చూపడానికి పనికొస్తాయి.