చిన్న ఫోర్ వీల్ డ్రైవ్‌కు పెద్ద ఇంజన్ కావాలా? అపోహలు – వాస్తవాలు

చిన్న ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొన్నవారిలో చాలామంది ఏదో ఒకనాడు ఒకే మాటతో వస్తారు: "బండి లాగడం లేదు, ఇంజన్ శక్తి పెంచాలి." ఇటువంటి బండ్లను రాళ్లకు, ఇసుకకు, కొండదారులకు తగినట్టు సిద్ధం చేయడమే నా వృత్తి కనుక, శక్తి పెంచే పని ఒప్పుకుంటే లాభం నాకే. అయినా ముందుగా అడిగేది ఒక్కటే: ఎక్కడ లాగడం లేదు? రాళ్ల మధ్య నడక వేగంతో పోతున్నప్పుడా, ఇసుకలోనా, లేక రహదారి మీద ఎత్తు ఎక్కుతూ లారీని దాటబోయినప్పుడా? ఈ మూడింటికీ మందు ఒకటి కాదు. ఈ ప్రశ్న వేసుకోకపోవడం వల్లనే కింది అపోహలు పుట్టాయి. లెక్కలకు ఎక్కువగా సుజుకీ జిమ్నీని తీసుకున్నాను. ఈ తరగతిలో అందరికీ బాగా తెలిసిన బండి అదే.

అపోహ: నిటారు ఎత్తు ఎక్కలేకపోతే ఇంజన్ చాలనట్టే.

వాస్తవం: నాలుగో తరం జిమ్నీలోని 1462 సీసీ ఇంజన్ 4000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) వద్ద 130 న్యూటన్ మీటర్ల గరిష్ఠ టార్క్ (తిప్పే బలం) ఇస్తుంది. మాన్యువల్ బండిలో మొదటి గేర్ నిష్పత్తి 4.425, ఇంజన్ బలాన్ని ముందు, వెనుక యాక్సిళ్లకు పంచే ట్రాన్స్‌ఫర్ కేస్‌లో లో రేంజ్ (నెమ్మదిగా, బలంగా నడిపే గేరు) నిష్పత్తి 2.002, యాక్సిల్‌లోని చివరి గేర్ల జత, అంటే ఫైనల్ డ్రైవ్ 4.090. మూడింటినీ గుణిస్తే 36 పైచిలుకు వస్తుంది. అంటే ఇంజన్ 36 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. టార్క్ కూడా అన్ని రెట్లు పెరిగి చక్రాల దగ్గర 4700 న్యూటన్ మీటర్లకు చేరుతుంది. టైరు వ్యాసార్ధం సుమారు 35 సెంటీమీటర్లు కనుక, నేలను వెనక్కి నెట్టే బలం దాదాపు 1370 కిలోల బరువుకు సమానం. గేర్లలో పోయే నష్టాన్నీ, 4000 కంటే తక్కువ ఆర్‌పీఎంలో తగ్గే టార్క్‌నూ కలిపి నాలుగో వంతు తీసివేసినా వెయ్యి కిలోలకు పైగా మిగులుతుంది.

ఇప్పుడు నేల వైపు నుంచి చూడాలి. మనుషులతో, సామానుతో కలిపి బండి 1300 కిలోలు ఉందనుకుందాం. 30 డిగ్రీల ఎత్తు ఎక్కడానికి అందులో సగం, అంటే 650 కిలోల బలం కావాలి. మెత్తని నేల మీద టైరు దొర్లడానికి మరికొంత కలుపుకోవాలి. పొడి రాయి మీద టైరు పట్టును బరువులో 0.8 వంతు అని లెక్కిస్తే, ఆ వాలు మీద నేల భరించగలిగేది 900 కిలోలు. తడిసిన మట్టి మీదైతే అందులో సగం కూడా ఉండదు. ఇంజన్ ఇప్పటికే ఇవ్వగలిగినదాన్ని నేల తీసుకోలేకపోతున్నప్పుడు, మరో 50 హార్స్‌పవర్ కలిపినందువల్ల చక్రం ఇంకాస్త వేగంగా జారడం తప్ప బండి అంగుళం కూడా ముందుకు పోదు. అటువంటి చోట ఎత్తు ఎక్కించేవి పట్టున్న టైర్లు, వాటిలో తగ్గించిన గాలి, డిఫరెన్షియల్ లాక్ (ఒక యాక్సిల్ మీది రెండు చక్రాలనూ కలిపి తిప్పే ఏర్పాటు).

లాక్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. సాధారణ డిఫరెన్షియల్ ఒక యాక్సిల్ మీది రెండు చక్రాలకూ సమానమైన టార్క్‌నే పంచుతుంది. ఒక చక్రం గాలిలో తేలితే దానిని తిప్పడానికి పట్టే టార్క్ సున్నాకు దగ్గర కనుక, నేల మీదున్న రెండో చక్రానికీ అంతే అందుతుంది. గుంతల దారిలో ముందు కుడి చక్రం, వెనుక ఎడమ చక్రం ఒకేసారి లేచినప్పుడు ఫోర్ వీల్ డ్రైవ్ బండి కూడా నిలబడిపోవడానికి కారణం ఇదే. కొత్త జిమ్నీలో తిరుగుతున్న చక్రానికి బ్రేకు వేసి రెండోదానికి టార్క్ మళ్లించే ఎలక్ట్రానిక్ ఏర్పాటు ఉంది. పాత బండ్లలో అది లేదు.

అపోహ: చిన్న ఇంజన్ అంటే చక్రం దగ్గర చిన్న బలమే.

వాస్తవం: ఇదే జిమ్నీకి జపాన్‌లో 660 సీసీ తరగతి టర్బో (గాలిని ఒత్తిడితో ఇంజన్‌లోకి నింపే పరికరం) ఇంజన్‌తో మరో రకం ఉంది. దాని శక్తి 64 హార్స్‌పవర్, టార్క్ 96 న్యూటన్ మీటర్లు. కానీ మొదటి గేర్ 5.106, లో రేంజ్ 2.643, ఫైనల్ డ్రైవ్ 3.818. గుణిస్తే 51 దాటుతుంది; చక్రాల దగ్గర టార్క్ 4900 న్యూటన్ మీటర్ల పైమాట. రెట్టింపు పరిమాణమున్న 1462 సీసీ ఇంజన్ కంటే ఎక్కువ! ఈ ఒక్క పోలిక అర్థమైన తరువాత ఇంజన్ మార్చాలన్న కోరికను మానుకుని ట్రాన్స్‌ఫర్ కేస్‌లో గేర్లు మార్పించుకున్నవారు నాకు తెలుసు. లో రేంజ్‌ను మరింత తగ్గించే గేర్ సెట్లు ఈ తరగతి బండ్లకు చాలాకాలంగా దొరుకుతున్నాయి. వాటివల్ల ఎక్కేటప్పుడు బలం పెరగడం ఒక లాభమైతే, దిగేటప్పుడు బ్రేకు తొక్కకుండా ఇంజన్ పట్టు మీదనే నెమ్మదిగా దిగగలగడం అంతకంటే పెద్ద లాభమని నా అభిప్రాయం. హార్స్‌పవర్ పెంచి ఆ రెండోదాన్ని సాధించలేము.

అపోహ: పెద్ద టైర్లు వేశాక పికప్ తగ్గిందంటే ఇంజన్ బలహీనమైనట్టు.

వాస్తవం: కంపెనీ ఇచ్చిన 195/80 ఆర్ 15 టైరు వ్యాసం సుమారు 693 మిల్లీమీటర్లు, దాని స్థానంలో చాలామంది వేసే 235/75 ఆర్ 15 టైరుది 733. తేడా దాదాపు 6 శాతం. అన్ని గేర్లనూ 6 శాతం పొడవు చేసి, నేలను నెట్టే బలాన్ని అంతమేర తగ్గించినట్టే లెక్క. పైగా టైరు బరువు, దొర్లుడు నిరోధం వేరుగా కలుస్తాయి. ఫైనల్ డ్రైవ్‌ను 4.09 నుంచి 4.3 దగ్గరకు మారిస్తే పోయిన పికప్‌లో ఎక్కువ భాగం తిరిగి వస్తుంది. ఒకాయన టర్బో పెట్టించాలని నిశ్చయించుకుని వచ్చారు. చూస్తే పెద్ద మడ్ టైర్లు, పైన ఇనుప క్యారియర్, దాని మీద గుడారం, ఒక వెనుక డ్రమ్ములో పూర్తిగా వదలని బ్రేకు, దుమ్ముతో మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్. బ్రేకు, ఫిల్టర్ సరిచేసి, క్యారియర్ దించి ఒక వారం నడపమన్నాను. ఆ తరువాత ఆయన టర్బో మాట ఎత్తలేదు, గేర్ల గురించి అడిగారు.

అపోహ: శక్తి పెంచడానికి ఈసీయూ రీమ్యాప్ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌లోని లెక్కల మార్పు), ఎయిర్ ఫిల్టర్, పెద్ద సైలెన్సర్ చాలు.

వాస్తవం: టర్బో లేని ఇంజన్‌లో వీటన్నిటివల్ల వచ్చేది స్వల్పం, అదీ ఎక్కువగా పై ఆర్‌పీఎంలో. శబ్దం మాత్రం పెరుగుతుంది.

అపోహ: అసలు ఎక్కడా శక్తి అవసరం లేదు, ఇదంతా మోజు.

వాస్తవం: ఇది మొదటి అపోహకు ఎదురుగా నిలబడే మరో అతి. రహదారి మీద లెక్క వేరు. పెట్టె ఆకారం గల ఈ బండి గాలిని చీల్చుకుంటూ సమతలంలో గంటకు 100 కిలోమీటర్ల వేగం నిలుపుకోవడానికి సుమారు 18 కిలోవాట్లు చాలు. 120 దగ్గర అది 28 దాటుతుంది, ఎందుకంటే గాలిని తోయడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. 100 వేగంతో 6 శాతం వాలు ఎక్కాలంటే మరో 21 కిలోవాట్లు కలపాలి. గేర్ల నష్టంతో కలిపి 43 అవుతుంది. ఐదో గేర్‌లో ఆ వేగం దగ్గర ఇంజన్ సుమారు 3200 ఆర్‌పీఎంలో ఉంటుంది. గరిష్ఠ టార్క్ మొత్తం అక్కడే దొరికినా 43 కిలోవాట్ల దగ్గర ఆగిపోతుంది. చేతిలో మిగులు ఏమీ ఉండదు. నాలుగో గేర్‌కు దించితే మిగులు దొరుకుతుంది, అది కంపెనీ ఉద్దేశించిన పద్ధతే. కానీ నిండు బరువుతో ఎప్పుడూ కొండ రహదారుల మీద తిరిగేవారి విసుగు నాకు అర్థమవుతుంది.

దానికి ఎత్తు తోడైతే పరిస్థితి ఇంకా మారుతుంది. సముద్రమట్టానికి 3000 మీటర్ల ఎత్తున గాలి సాంద్రత నాలుగో వంతు తగ్గుతుంది, టర్బో లేని ఇంజన్ శక్తి కూడా దాదాపు అంతే తగ్గుతుంది. జిమ్నీలోని 75 కిలోవాట్ల ఇంజన్ అక్కడ 55 కిలోవాట్ల ఇంజన్. ఇసుక దిబ్బలది మరో న్యాయం. టైర్లలో గాలి తగ్గించినా ఇసుక చక్రాన్ని నిరంతరం వెనక్కి లాగుతుంది, దిబ్బ ఎక్కడానికి వేగం కావాలి, ఆ వేగాన్ని నిలపడానికి నిజంగానే హార్స్‌పవర్ కావాలి. శక్తి పెంచమని వచ్చినవారిలో ఇసుకలో తిరిగేవారిని, ఎత్తైన ప్రాంతాల్లో బరువుతో ప్రయాణించేవారిని నేను వెనక్కి పంపను.

అపోహ: టర్బో కలిపితే చాలు, మిగతా బండి సర్దుకుంటుంది.

వాస్తవం: జిమ్నీ 1462 సీసీ ఇంజన్ కంప్రెషన్ నిష్పత్తి 10, అంటే సిలిండర్‌లోకి వచ్చిన గాలి, ఇంధనం పదో వంతు చోటులోకి నొక్కుకుపోతాయి. దానిలోకి ఒత్తిడితో గాలి నింపితే ఇంధనం అకాలంలో మండి నాకింగ్ మొదలవుతుంది, నాకింగ్ పిస్టన్లను తినేస్తుంది. అందువల్ల బూస్ట్ (టర్బో ఇచ్చే అదనపు గాలి ఒత్తిడి) తక్కువగా ఉంచాలి; ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, తగిన ఇంజెక్టర్లు, కొత్త ఇంధన మ్యాప్, బలమైన క్లచ్ వెంట రావాలి. వేడి మరో చిక్కు. లో రేంజ్‌లో నడక వేగంతో పోతున్నప్పుడు రేడియేటర్‌కు ఎదురు గాలి ఉండదు. రహదారి మీద బాగున్న టర్బో బండి రాళ్ల దారిలో వేడెక్కి నిలబడేది అందుకే. పైగా రాళ్ల మీద బూస్ట్ ఆలస్యంగా, ఒక్కసారిగా అందుతుంది, మనకు అక్కడ కావలసింది దానికి సరిగ్గా వ్యతిరేకం.

ఇంజన్ మార్పిడికీ ఇదే వర్తిస్తుంది. పాత సుజుకీ సమురాయ్‌లోని 1.3 లీటర్ ఇంజన్ తీసి, అదే కంపెనీ వితారాలోని 1.6 లీటర్ 16 వాల్వుల ఇంజన్ పెట్టడం చాలాకాలంగా చేస్తున్న పని. బరువు మరీ పెరగదు, కుదురుగా ఉంటుంది. అంతకు రెట్టింపు ఇంజన్ దించినప్పుడే ముందు యాక్సిల్ మీద బరువు, స్టీరింగ్ వణుకు, గేర్‌బాక్స్ అరుగుదల మొదలవుతాయి.

యాక్సిల్ ఎప్పుడు విరుగుతుందన్నది కూడా తెలిసి ఉండాలి. జారుతున్నంతసేపు దానికి ప్రమాదం తక్కువ, ఎందుకంటే నేల ఇచ్చే పట్టుకు మించిన టార్క్ షాఫ్ట్‌లోకి రాదు. గాలిలో వేగంగా తిరుగుతున్న చక్రం హఠాత్తుగా రాతి మీద దిగి పట్టు దొరికించుకున్న క్షణంలో ఫ్లైవీల్, ఇంజన్, బరువైన టైరు కలిసి దాచుకున్న వేగమంతా ఒక్క దెబ్బగా షాఫ్ట్ మీద పడుతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఉంటే ముందు చక్రపు జాయింట్ మొదట పోతుంది. శక్తి ఎంత పెరిగితే ఆ చక్రం గాలిలో అంత వేగంగా తిరుగుతుంది.

బ్రేకులను మాత్రం దాదాపు అందరూ చివరకు వదిలేస్తారు. 100 నుంచి 120కి వేగం పెంచితే ఆపవలసిన శక్తి 44 శాతం పెరుగుతుంది. వెనుక డ్రమ్ములు, ముందు డిస్కులు మాత్రం అవే. అందుకే టర్బో పని ఒప్పుకున్నప్పుడు బ్రేకులు, రేడియేటర్, క్లచ్ ఈ మూడింటి పని ముగిసేవరకు టర్బోను పెట్టెలోంచి తీయను. ఇంజన్ మార్పు నమోదు పత్రంలోకి ఎక్కేవరకు, బీమా సంస్థకు తెలియజేసేవరకు తాళంచెవి కూడా ఇవ్వను.