గ్రీన్‌లాండ్ మంచు: థర్మామీటరు చూసి లెక్క కట్టకండి

జులై వస్తే చాలు, మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ఆ పాత మెసేజ్ మళ్ళీ లేస్తుంది: "నాలుగు రోజుల్లో గ్రీన్‌లాండ్ 97% కరిగిపోయింది!" ఈసారి ఉప్పాడ దగ్గరుండే మా పిన్ని ఫోన్ చేసి, "ఇల్లు అమ్మేయమంటావా నాన్నా?" అనడిగింది. గొంతులో నిజంగానే భయం.

పిన్నికి చెప్పిందే ఇక్కడా చెప్తాను. 2012 జులై 8న మంచు ఫలకం పైభాగంలో 40 శాతం మేర కరుగుదల కనిపించింది, 12వ తేదీకి అది 97 శాతం విస్తీర్ణానికి పాకింది. ఉపగ్రహం చూసింది పైపొర తడిని. చినుకులకు నేలంతా తడిసిందంటే చెరువు నిండిందని కాదు కదా! ఆ ఫలకం మధ్యలో మూడు కిలోమీటర్ల మందం దాటి ఉంటుంది. అంతా కరిగితే సముద్రం ఏడు మీటర్లకు పైగా లేస్తుంది, నిజమే. కానీ అది వేల ఏళ్ళ లెక్క. అలాగని ఇప్పుడు ఏమీ కరగట్లేదనీ కాదు. ఉప్పాడ ఒడ్డు కోతకు మాత్రం దగ్గరి కారణాలు వేరే ఉన్నాయి, పిన్ని దిగులు పడాల్సింది వాటి గురించి.

అపోహ: గాలి సున్నా డిగ్రీలు దాటితే కరుగుతుంది, లేకపోతే లేదు.

అసలు తలనొప్పి ఇది. మంచు కరుగుదలని కంప్యూటర్లో లెక్కగట్టే మా మోడలింగ్‌కి కొత్తగా వచ్చిన పిల్లలు కూడా ఇక్కడే బోల్తా పడతారు.

మంచు కరగడమంటే జమాఖర్చు. ఎండలో ఇంకింది, ఆకాశం నుంచి వచ్చిన లాంగ్‌వేవ్ (కంటికి కనిపించని వేడి కిరణాలు), గాలి తాకి ఇచ్చిన వేడి, ఆవిరి పేరుకుంటే వచ్చేది జమ. మంచు తాను వెదజల్లేది, ఆవిరై పోయేది, లోపలి చల్లటి పొరలు లాక్కునేది ఖర్చు. పైపొర సున్నాకి చేరాక మిగిలిందంతా కరగడానికే పోతుంది. చదరపు మీటరుకు 100 వాట్ల మిగులు రోజంతా ఉంటే దాదాపు 26 మిల్లీమీటర్ల నీరు.

ఇప్పుడు ఆల్బెడో, అంటే పడిన ఎండలో మంచు తిప్పికొట్టే వాటా, చూడండి. సగటున 300 వాట్ల ఎండ పడుతోందనుకుందాం. కొత్త స్నో 85 శాతం తిప్పికొడుతుంది, ఇంకేది 45 వాట్లు. పాత, మురికి పట్టిన ఐస్ 45 శాతమే తిప్పికొడితే ఇంకేది 165. థర్మామీటరు రెండుచోట్లా ఒకటే చూపిస్తున్నా, తేడా రోజుకి 31 మిల్లీమీటర్లు. వేసవిలో మేడ మీద సున్నం కొట్టించే మనవాళ్ళకి ఇది కొత్త సంగతేం కాదు.

నేనూ ఇక్కడ చేతులు కాల్చుకున్నాను. మొదట్లో డిగ్రీ-డే పద్ధతితో, అంటే గాలి సున్నా పైన ఎన్ని డిగ్రీలుంటే దాన్ని ఒక గుణకంతో హెచ్చించి కరుగుదల లెక్కగట్టే పద్ధతితో, ఫలకం పడమటి అంచు మోడల్ చేశాను. ఒక వేసవికి గుణకం సరిచేస్తే మంచులో పాతిన కొలత కర్రలతో అచ్చం సరిపోయింది, మురిసిపోయాను. మరుసటి ఏడు జులై మధ్యలో పది సెంటీమీటర్ల స్నో పడింది. కర్రల దగ్గర కరుగుదల రోజుల తరబడి దాదాపు ఆగిపోయింది, నా మోడల్ మాత్రం ఐస్‌ని కరిగిస్తూనే పోయింది. రెండు నెలలు గుణకాన్ని గోకుతూ కూర్చున్నాను. చివరికి మా గైడ్ ఒక్క మాట అడిగారు: "ఆల్బెడో చూశావా?" చూడలేదు.

ఎండ బాగా కాసి గాలి వీచకపోతే, సున్నాకి ఒకటి రెండు డిగ్రీల కింద కూడా పైపొర కరుగుతుంది. తిరగేస్తే, నిర్మలమైన రాత్రి గాలి సున్నా పైనున్నా గడ్డకడుతుంది. సున్నా డిగ్రీల మంచు 315 వాట్లు వెదజల్లుతుంటే పొడి ఆకాశం అంత తిరిగివ్వదు. తక్కువ ఎత్తు మేఘం వస్తే ఆ లోటు దాదాపు పూడిపోతుంది. అందుకే "మబ్బు పడితే కరగదు" అన్న మాట కూడా తేలిపోయింది. 2012లో ఫలకం నడినెత్తిన, 3,200 మీటర్ల ఎత్తున కరగడానికి పల్చటి నీటి మేఘాలు తోడయ్యాయి.

అపోహ: కరిగిందంతా సముద్రంలోకే. మనకి లంబసింగి పొగమంచూ మంచే, స్నో మంచే, ఐసూ మంచే, అన్నిటికీ ఒకటే మాట. గ్రీన్‌లాండ్‌లో స్నోకీ ఐస్‌కీ మధ్యలో ఫిర్న్ ఉంటుంది, ఏళ్ళ తరబడి అణిగిన స్నో. నీరు దాంట్లోకి దిగి మళ్ళీ గడ్డకడుతుంది. అలా గడ్డకట్టే ఒక్క గ్రాము నీరు 160 గ్రాముల ఫిర్న్‌ని ఒక డిగ్రీ వేడెక్కిస్తుంది. కాబట్టి ఫిర్న్‌లో నీరు పట్టే ఆ చోటు ఎల్లకాలం ఉండదు.

అపోహ: వాన పడితే ఇక అంతే. 2021 ఆగస్టు 14న ఫలకం నడినెత్తినున్న సమ్మిట్ పరిశోధన కేంద్రంలో మొదటిసారి వాన నమోదైనప్పుడు గోల గోల చేశారు. అయిదు డిగ్రీల వాన పది మిల్లీమీటర్లు కురిస్తే, దాని వేడికి కరిగేది ముప్పాతిక మిల్లీమీటరు కూడా ఉండదు. పనంతా ఆ వానని మోసుకొచ్చిన వెచ్చటి తేమగాలిదీ, మేఘాలదీ.