గీత మీద హైడ్రోజన్: అరవై ఏళ్లు దాటిన తగువు

విజయవాడలో ఇంటర్ ఎంపీసీ పిల్లల్ని నిద్రలో లేపి అడిగినా హైడ్రోజన్ శక్తి ‘మైనస్ 13.6 బై ఎన్ స్క్వేర్’ (ఎలక్ట్రాన్ వోల్ట్‌లలో; ఎన్ అంటే స్థాయి సంఖ్య) అని గడగడా చెప్పేస్తారు. అదే ఎలక్ట్రాన్‌ను ఒక్క గీత మీదే కదలనిస్తే ఏమవుతుందంటే గుంటూరు ఎమ్మెస్సీ క్లాసులో కూడా కాస్త తడుముకుంటారు. వాళ్ల తప్పేం లేదు. 1952 నుంచి పెద్దవాళ్లకే తెగని లెక్క అది.

చిక్కంతా సున్నా దగ్గరే, అంటే గీత మీద కేంద్రకం ఉన్న చోటే. మూడు దిశలుంటే కేంద్రకం పక్కన చోటు తక్కువ కాబట్టి అక్కడ ఆకర్షణ ఎంత పెరిగినా ఎలక్ట్రాన్ పూర్తిగా పడిపోదు. గీత మీద ఆ రక్షణ లేదు. 1959లో బ్రిటిష్ శాస్త్రవేత్త రోడ్నీ లౌడన్ సున్నా దగ్గర ఆకర్షణను కొంచెం కత్తిరించి, ఆ కత్తిరింపును క్రమంగా తగ్గిస్తూ పోయారు. అట్టడుగు స్థితి శక్తి మైనస్ అనంతానికి జారిపోయింది! మిగతా స్థాయిలు మాత్రం పాత 13.6 సూత్రానికే వచ్చాయి, అదీ ఒక్కో శక్తికి రెండేసి స్థితులతో. గీత మీది లెక్కల్లో అలా జంటలు ఉండకూడదన్నది పాఠం.

1966లో ఆండ్రూస్ అనే శాస్త్రవేత్త ఆ అనంత స్థితిపై అభ్యంతరం చెప్పారు. సున్నా ఒక గోడ లాంటిదని, ఎలక్ట్రాన్ ఇటువైపుది అటు పోదని 1980లలో మెక్సికో శాస్త్రవేత్తలు వాదించారు. నిజానికి సున్నా దగ్గర ఏ షరతు పెడతామో దాన్ని బట్టి జవాబు మారుతుంది. గణితం ఒక్కటే చూసి ఎవరిది రైటో తేల్చలేం.

గోడ ఉన్న రూపం ప్రయోగశాలలో దొరికింది కూడా. ద్రవ హీలియం పైన ఎలక్ట్రాన్‌ను వదిలితే హీలియం దాన్ని లోపలికి రానివ్వదు, అలాగని పూర్తిగా వదిలిపెట్టదు. సుమారు 10 నానోమీటర్ల ఎత్తున నిలిచిపోతుంది. దాని బంధన శక్తి ఒక మిల్లీ ఎలక్ట్రాన్ వోల్ట్ కూడా ఉండదు. ఈ స్థాయిల మధ్య దూకుళ్లను 1974లో గ్రైమ్స్, బ్రౌన్ మైక్రోవేవ్‌లతో కొలిచారు. ఈ ఎలక్ట్రాన్లనే క్యూబిట్లుగా, అంటే క్వాంటమ్ కంప్యూటర్‌లో సమాచారాన్ని మోసే యూనిట్లుగా, వాడుకోవచ్చని 1999లో ప్లాట్జ్‌మన్, డైక్‌మన్ ప్రతిపాదించారు. అమరావతికి వస్తుందని 2025లో ప్రకటించిన 156 క్యూబిట్ల ఐబీఎం క్వాంటమ్ కంప్యూటర్ మాత్రం ఈ రకం కాదు, అందులోవి సూపర్ కండక్టర్ క్యూబిట్లు. రెండూ ఒకటే అనుకునేవాళ్లున్నారు కాబట్టి చెప్పడం.

పరమాణువులపై లేజర్ ప్రభావాన్ని లెక్కగట్టే పరిశోధకులు ఈ తగువులోకి దిగనే లేదు. 1980ల చివర్లో సున్నా దగ్గర ఆకర్షణ మొనను నున్నగా చేసేసి పని కానిచ్చుకున్నారు.

లౌడన్ 2016లో మళ్లీ ఇదే విషయంపై రాశారు. 1959 లెక్కలో ఒక ఉజ్జాయింపు తప్పని ఒప్పుకున్నారు గానీ, నిజమైన పదార్థాలకు కత్తిరింపు పద్ధతే సరైనదన్న మాట వదల్లేదు.