అవి లూజు స్క్రూలు కావు: పాత ట్రాన్సిస్టర్ రేడియోల మీద అపోహలు

"అన్నా, లోపల స్క్రూలు లూజుగా ఉంటే టైట్ చేశాను. ఉన్న స్టేషన్లు కూడా పోయాయి." తిరుపతిలో నా రేడియో రిపేరు బల్ల ముందు కూర్చుని ఎంతమంది ఈ మాట అన్నారో లెక్కలేదు.

అపోహ: స్టేషన్లు సరిగా రాకపోతే లోపలి స్క్రూలు బిగించాలి.

అవి స్క్రూలు కావు స్వామీ! చిన్న రేకు డబ్బీల్లో పసుపు, తెలుపు, నలుపు తలలతో కనిపించేవి ఐఎఫ్‌టీ కోర్లు, అంటే స్టేషన్ సిగ్నల్‌ను వడగట్టే కాయిళ్లలో తిరిగే పెళుసైన ఫెర్రైట్ ముక్కలు. ఎరుపుది ఆసిలేటర్ కాయిల్, స్టేషన్ పట్టడానికి రేడియో తన లోపలే పుట్టించే సిగ్నల్‌ది. చాలా సెట్లలో ఐఎఫ్‌టీలను 455 కిలోహెర్ట్జ్‌కు కుదిర్చి, కదలకుండా మైనం కూడా వేస్తారు. ఒక్క చుట్టు తిప్పినా స్టేషన్ సన్నబడిపోతుంది. ఇనుప స్క్రూడ్రైవర్ పెట్టి బలంగా తిప్పితే ఫెర్రైట్ కోరు సుద్దముక్కలా పుటుక్కుమంటుంది. అదే సైజు ఐఎఫ్‌టీ కోసం ఇక పాత సెట్లు వెతకాల్సిందే.

పుత్తూరు నుంచి ఒకాయన వాళ్ల నాన్న రేడియోను తువ్వాలులో చుట్టి తెచ్చాడు. బిగించింది కొడుకట. అసలు జబ్బు చూస్తే సెల్లుల గడిలో స్ప్రింగుకు పచ్చగా చిలుము, సప్లై లైన్లో ఎండిపోయిన ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్ (కరెంటు ఒడిదుడుకులను సర్దే భాగం). అరగంట పని. కోర్లను దారికి తేవడానికి మాత్రం సిగ్నల్ జనరేటర్ (పరీక్షకు సిగ్నల్ ఇచ్చే పరికరం) పెట్టి, ప్లాస్టిక్ పుల్లతో వెంట్రుకవాసి తిప్పుతూ మధ్యాహ్నమంతా కూర్చున్నాను. చివరికి 900 కిలోహెర్ట్జ్ దగ్గర కడప ఆకాశవాణి పలికింది. ఆయన రేడియో చెవికి ఆనించుకుని అలాగే వెళ్లిపోయాడు. డబ్బులివ్వలేదని బస్టాండులో గుర్తొచ్చి, మళ్లీ వచ్చాడు పాపం.

అపోహ: బొటబొట శబ్దం వస్తే లోపలి ట్రాన్సిస్టర్ (సిగ్నల్‌ను పెంచే చిన్న భాగం) పోయినట్టే. ముందు సెల్లులు, తర్వాత సప్లై లైన్లోని ఆ కండెన్సర్ చూడండి.

అపోహ: ఏసీ128 అనే పాత జర్మేనియం ట్రాన్సిస్టర్ బదులు ఏ సిలికాన్‌దైనా పడుతుంది. బయాస్ (దాన్ని పనిచేయించే చిన్న వోల్టేజి) మార్చకుండా పడదు. జర్మేనియందానికి 0.2 వోల్టు చాలు, సిలికాన్‌దానికి 0.6 కావాలి.

అపోహ: ఇంట్లో ఒకటే గరగర, రేడియో పాడైంది. ఫోన్ చార్జర్, ఎల్‌ఈడీ బల్బు ఆపి వినండి. వాల్యూమ్ తిప్పినప్పుడే గరగరంటే దుమ్ము, అంతే.

ఇప్పటికే కోర్లు తిప్పేశారా? టెన్షన్ వద్దు. వెనక్కి తిప్పి సరిచేద్దామని మాత్రం చూడకండి. ఏది ఎన్ని చుట్లు తిప్పారో గుర్తున్నంత వరకు కాగితం మీద రాసి, రేడియోతో పాటు తెచ్చివ్వండి.