గారె చిల్లు, కారు చక్రం

చి. బాబీకి, చిన్నికి,

పెదనాన్న ఆశీస్సులు. ఉత్తరం అందింది. బాబాయి తన డిజైర్‌కి పెద్ద అల్లాయ్ చక్రాలు వేయించాడనీ, వాకిట్లోంచి వెనక్కి తీస్తూ స్టీరింగ్ పూర్తిగా తిప్పితే బర్రుమంటోందనీ రాశారు. "కారు అదే కదా, చక్రం పెద్దదైతే ఏమవుతుంది?" అని చిన్ని ప్రశ్న. దీనికి జవాబు మెకానిక్ షెడ్డులో కంటే వంటింట్లో తొందరగా దొరుకుతుంది.

పండక్కి అమ్మ గారెలు తడుతుంది కదా. ఒకే సైజులో రెండు తట్టిందనుకోండి. ఒకదానికి చిటికెనవేలు పట్టే చిల్లు, రెండోదానికి బొటనవేలు పట్టేది. బయటి గుండ్రం ఒకటే, మధ్యలో పిండి తగ్గింది. చిల్లు అంటే రిమ్ము, పిండి అంటే టైరు. చిల్లు ఎంత పెరిగితే పిండి అంత తగ్గాలి, గారె మాత్రం పెరగకూడదు. పెరిగితే బాణలి అంచుకి తగులుతుంది. ఇక్కడ బాణలి అంటే చక్రం మీద కప్పినట్టుండే ఫెండరు.

ఇప్పుడు టైరు పక్కన రాసుండే అంకెలు చూడండి. 185/65 R15 అంటే వెడల్పు 185 మి.మీ., పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 65 వంతులు, అంటే 120 మి.మీ. రిమ్ము 15 అంగుళాలు, అంటే 381 మి.మీ. పైనొక గోడ, కిందొక గోడ కలుపుకుంటే మొత్తం ఎత్తు 621 మి.మీ. చిల్లర. డిజైర్‌లోనే తక్కువ రకాలకు కంపెనీ 165/80 R14 వేస్తుంది. ఆ లెక్క కూడా కట్టండి, 620కి అటూఇటూగా వస్తుంది. చిల్లు ఒక అంగుళం పెరిగినా గారె పెరగలేదు!

బాబాయికి 16 అంగుళాలు కావాలంటే 195/55 R16 సరిపోతుంది, 621 వస్తుంది. 17 కావాలంటే 205/45 R17, అది 616. అదే దుకాణంలో 45 లేదని 205/50 R17 తొడిగారో, గారె 637కి పెరిగిపోతుంది. పదిహేను మి.మీ. ఎంతలే అనుకోకండి. స్పీడోమీటరు 100 చూపిస్తుంటే కారు 102 దాటి పోతుంటుంది. అసలే ఇరుకుగా ఉన్న ఫెండరు కింద సందు మరో ఏడెనిమిది మి.మీ. తగ్గుతుంది.

మరి ఎత్తు సరిగ్గా ఉన్నా బర్రుమంటే? అప్పుడు చూడాల్సింది రిమ్ము వెడల్పు, ఆఫ్‌సెట్. రిమ్ము వెనక 6J, ET45 లాంటి గుర్తులుంటాయి. మొదటిది అంగుళాల్లో వెడల్పు. రెండోది, రిమ్ము నడిమధ్య నుంచి హబ్బుకి, అంటే కారు వైపు చక్రాన్ని బిగించే భాగానికి, ఆనే తలం ఎన్ని మి.మీ. బయటి వైపుకి ఉందో చెబుతుంది. 6J ET45 తీసేసి 7J ET40 వేస్తే చక్రం బయటి అంచు దాదాపు 18 మి.మీ. బయటికి, లోపలి అంచు 8 మి.మీ. లోపలికి జరుగుతుంది. బయటికి ఎక్కువైతే నలుగురు ఎక్కి స్పీడ్‌బ్రేకర్ దాటినప్పుడు ఫెండరు అంచు టైరుని కోస్తుంది. లోపలికి ఎక్కువైతే స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు ఫెండరు లోపలుండే ప్లాస్టిక్ తొడుగుకి (లైనరుకి) రాసుకుంటుంది. మీరు రాసినదాన్నిబట్టి బాబాయిది ఈ రెండోదే అనిపిస్తోంది. టైరు భుజం మీద, అంటే పక్కగోడ నేలవైపు మలుపు తిరిగే అంచు మీద, సుద్దముక్క దట్టంగా రుద్ది, బండి మెల్లగా వెనక్కి తీయించండి. సుద్ద ఎక్కడ అంటుకుందో అక్కడే తగులుతోంది. ఇంజన్ ఆపేదాకా మీరిద్దరూ దూరంగా నిలబడాలి సుమా.

బిగింపు సంగతి కూడా బాబాయిని అడగండి. డిజైర్ హబ్బుకి నాలుగు నట్లు, 100 మి.మీ. వలయం మీద. మధ్యలో హబ్బు 54.1 మి.మీ. బయట దొరికే అల్లాయ్‌లకు మధ్య కన్నం చాలాసార్లు 73.1 ఉంటుంది. ఆ సందుని పూడ్చే హబ్ రింగు వేయకపోతే చక్రం నట్ల మీదే వేలాడినట్టుండి, 80 దాటేసరికి స్టీరింగ్ వణుకుతుంది. బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా పోదు, జబ్బు అక్కడ లేదు కాబట్టి. నట్లు ఎదురెదురుగా బిగించాలి, ఎంత బిగువో కొలిచే టార్క్ రెంచితో, మాన్యువల్‌లో రాసినంతే. వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ సరిచూడాలి.

టైరు మీద సైజు పక్కనే ఇంకో అంకె ఉంటుంది, దాన్ని ఎవరూ చదవరు. 88 అంటే ఆ టైరు 560 కిలోలు మోయగలదు. 84 అంటే 500 మాత్రమే. 205/45 R17 రెండు రకాలుగానూ దొరుకుతుంది. పాత టైరు 88 అయితే కొత్తదీ 88కి తగ్గకూడదు. ధర చూసి 84 తెచ్చుకునేవాళ్లున్నారు. అందం కోసం బరువు మోసే శక్తి తగ్గించుకోవడం నాకు నచ్చని పని.

ఇక్కడితో గారె పోలిక వదిలేద్దాం, ఎందుకంటే గారెలో గాలి ఉండదు. గుంతలో పడినప్పుడు దెబ్బ కాసేది ఆ గాలీ, ఆ పక్కగోడా. 120 మి.మీ. గోడ 205/45 R17లో లాగా 92కి తగ్గితే, వానాకాలం మన రోడ్ల మీద రిమ్ము వంగుతుంది, లేదా గోడ లోపలి దారాలు తెగి టైరు పక్కన బుడిపె లేస్తుంది. బుడిపె లేచిన టైరుతో ఇక ప్రయాణం లేదు, మార్చాల్సిందే.

చిన్నప్పుడు మేమంతా సైకిలు టైర్లు కర్రతో కొడుతూ దొర్లించేవాళ్లం. ఎప్పుడైనా లారీ టైరు దొరికితే కదిలించడానికే ఇద్దరు కావాలి, కదిలాక ఆపడానికి నలుగురు. బరువు అంచున ఉంటే అంతే, పెద్ద రిమ్ముతో చక్రం బరువు అంచువైపు చేరినా అంతే. బాబాయి కారు పికప్ తగ్గిందనీ, బ్రేకు ఇంకాస్త గట్టిగా నొక్కాల్సి వస్తోందనీ అన్నాడంటే కారణం అదే.

విప్పిన పాత టైర్లు భోగిమంటలో వేద్దామని బాబీ అప్పుడే లెక్కలేసుకుంటున్నట్టున్నాడు. వద్దు నాయనా. ఆ పొగ ఊపిరితిత్తులకు విషం. అవి దాచి ఉంచమనండి, మళ్లీ తొడగాల్సి రావచ్చు.

ఇప్పుడొక పని చెబుతాను. టైరు నేలకి ఆనిన చోట టైరు మీదా నేల మీదా సుద్దతో గీత పెట్టండి. టైరు మీది గీత మళ్లీ నేలకి వచ్చేదాకా బాబాయిని కారు తిన్నగా ముందుకు పోనివ్వమనండి. అక్కడ నేల మీద ఇంకో గీత గీసి, మధ్య దూరం టేపుతో కొలవండి. 621కి లెక్క కడితే 195 సెంటీమీటర్లు రావాలి. మీకు అంత రాదు, నాలుగైదు సెంటీమీటర్లు తక్కువే వస్తుంది. టేపు తప్పనుకోకండి. కింద కూర్చుని, టైరు నేలని తాకే చోట దాని గుండ్రం ఎలా ఉందో చూసి నాకు రాయండి.

మీ
పెదనాన్న