ఎల్‌డీహెచ్ పెరిగితే బిడ్డ మెదడు దెబ్బతిన్నట్టేనా? అపోహలు - వాస్తవాలు

పుట్టగానే ఏడవని బిడ్డను ఎన్‌ఐసీయూ (నవజాత శిశువుల ఐసీయూ)లో పెట్టాక, రిపోర్టు చేతికి రాగానే తల్లిదండ్రుల కళ్లు ముందు ఎల్‌డీహెచ్ (కణాలు దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ఎంజైమ్) మీద పడతాయి. పక్కనే ఎర్ర గుర్తు. ఇక మెదడు పోయిందని ఎవరో ఒకరు చెప్పేస్తారు. దయచేసి ఆ మాట నమ్మకండి.

ఆక్సిజన్ తగ్గినప్పుడు శరీరం రక్తాన్ని మెదడుకు, గుండెకు మళ్లిస్తుంది. ఆ కోత కాలేయం, కిడ్నీలు, కండరాల మీద పడుతుంది. ఎల్‌డీహెచ్, అలాంటిదే మరో ఎంజైమ్ ఏఎస్‌టీ ఎక్కువగా వచ్చేది అక్కడి నుంచే. కాబట్టి ఆ అంకె ఒళ్లంతా ఎంత దెబ్బ తగిలిందో సూచిస్తుంది, మెదడు సంగతి విడిగా దాన్నుంచి తెలియదు. పైగా నవజాత శిశువుల్లో ఎల్‌డీహెచ్ పెద్దలకన్నా సహజంగానే చాలా ఎక్కువ. రిపోర్టులో అచ్చయింది పెద్దల రేంజ్ అయితే ఆరోగ్యంగా ఉన్న బిడ్డకూ ఎర్ర గుర్తు పడుతుంది.

శాంపిల్ సంగతీ చూడాలి. ఎర్ర కణాల్లో ఎల్‌డీహెచ్ ప్లాస్మా (రక్తంలోని ద్రవం)లో కన్నా వంద రెట్లకు పైనే ఉంటుంది. మడమ గుచ్చి పిండితే కణాలు పగిలి ఎల్‌డీహెచ్, ఏఎస్‌టీ, పొటాషియం కలిసి పెరుగుతాయి. సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) ఎర్రబారితే ఆ అంకెను పక్కన పెట్టి, సిర నుంచి ధారగా వచ్చే రక్తంతో మళ్లీ చేయించాలి. ఆ శాంపిల్‌ను ఫ్రిజ్‌లో పెట్టకూడదు, చలికి ఎల్‌డీహెచ్ చురుకుదనం తగ్గి అంకె తప్పుగా తక్కువ వస్తుంది.

కండరాల నుంచి వచ్చే ఎంజైమ్ సీకే నార్మల్ డెలివరీ తర్వాత కూడా పెరుగుతుంది, బిడ్డ ఒంటిమీద కమిలిన గాయాలుంటే ఇంకా ఎక్కువ. సుమారు 24 గంటలకు గరిష్ఠానికి చేరి, 72 గంటలకల్లా బాగా తగ్గుతుంది. కాలేయపు ఎంజైమ్ ఏఎల్‌టీ పెరగడం ఇంకా ఆలస్యం. అందుకే మొదటి గంటలో అంకెలు బాగున్నాయని ఊరట చెందకూడదు.

అన్నిటికన్నా నష్టం చేసేది ఎంజైముల రిపోర్టు కోసం ఆగడం. మెదడును కాపాడేందుకు బిడ్డ ఒంటిని చల్లబరిచే చికిత్సే కూలింగ్. దాన్ని పుట్టిన 6 గంటల లోపు మొదలుపెట్టి, బిడ్డ ఉష్ణోగ్రతను 33-34 డిగ్రీల సెల్సియస్ దగ్గర 72 గంటలు ఉంచాలి. 36 వారాలు నిండిన బిడ్డలో బొడ్డుతాడు రక్తం లేదా మొదటి గంటలోని రక్తంలో పీహెచ్ (తగ్గితే ఆమ్లం పెరిగినట్టు) 7.0 లేదా అంతకన్నా తక్కువ, లేదా బేస్ డెఫిసిట్ (ఆమ్లం ఎంత పేరుకుందో చెప్పే లెక్క) 16 లేదా ఎక్కువ ఉండి, పరీక్షలో మధ్యస్థ లేదా తీవ్ర ఎన్‌సెఫలోపతీ (మెదడు పనితీరు దెబ్బతినడం) కనిపిస్తే కూలింగ్ మొదలవ్వాలి. ఈ అంకెలిచ్చే బ్లడ్ గ్యాస్ పరీక్ష అందకపోతే 10 నిమిషాల ఆప్గార్ (పుట్టిన బిడ్డ స్థితికి ఇచ్చే స్కోరు), అప్పటికీ శ్వాస అందించాల్సి రావడం లాంటివి చూస్తారు. ఈ నిర్ణయంలో ఎల్‌డీహెచ్‌కు చోటే లేదు.

రిపోర్టులో కనిపించే ట్రోపోనిన్ ఎంజైమ్ కాదు, గుండె కండరంలోని ప్రోటీన్. అది గుండె గురించే చెబుతుంది.

మీ బిడ్డ ఎలా ఉందో తెలియాలంటే డాక్టరును ఇవి అడగండి: ఫిట్స్ వచ్చాయా, కండరాల బిగువు, చీకడం ఎలా ఉన్నాయి, ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష) ఏం చూపింది, మొదటి వారంలో ఎంఆర్‌ఐ ఎప్పుడు తీస్తారు.