సుత్తి తీసే ముందు ఐదు తుపాకీ గుళ్లు

చిరంజీవులు బుజ్జికి, చిన్నుకి,

తాతయ్య ఆశీస్సులు. నిన్న ఫోన్లో బుజ్జి చెప్పిందంతా విన్నాను. అటక మీంచి దింపిన మీ నాన్న గాలి తుపాకీతో పది మీటర్ల నుంచి కొడితే గుళ్లన్నీ ఎడమకే పోతున్నాయని, గొట్టం కొసన గురి చూసుకోవడానికి ఉండే ముందు సైట్ కొంచెం పక్కకి జరిగినట్టుందని, సుత్తితో ఒక్కటిస్తే సరిపోతుందా అని కదా అడిగావు. సుత్తి పక్కన పెట్టండి. ఇరవై ఏళ్లకి పైగా ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుచేసేవాడిగా, రైఫిళ్ల మధ్యే బతికినవాణ్ణి, నా మాట కాస్త ఓపిగ్గా వినండి.

ఆ ముందు సైట్‌ని మేం ఫోర్‌సైట్ అంటాం, కంటి దగ్గరుండేది బ్యాక్‌సైట్. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఎన్.సి.సి. క్యాంపుకి నన్ను పంపారు. ఒక కుర్రాడి పాయింట్ టూ టూ రైఫిల్ ఎడమకి కొడుతోందన్నారు. నేను ఇంకేం చూడకుండా ఫోర్‌సైట్ జరిపేశాను. తర్వాత అదే రైఫిల్‌తో పడుకుని కాల్చిన ఇంకో కుర్రాడి గుళ్లన్నీ కుడికి పడ్డాయి. మా ఉస్తాద్ నన్నేమీ అనలేదు. మొదటి కుర్రాణ్ణి మళ్లీ పడుకోబెట్టి, "నీకేం కనిపిస్తోందో నేల మీద గీసి చూపించు" అన్నాడు. వాడు పుల్లతో ఒక గుండ్రం గీసి, లోపల ఫోర్‌సైట్ మొనని ఎడమ అంచుకి ఆనించి గీశాడు. చెంప సరిగ్గా ఆనించకపోవడంతో వాడికి మొన బ్యాక్‌సైట్ రంధ్రం మధ్యలో కనిపించట్లేదు. తప్పు సైట్‌ది కాదు, నేను దాన్ని తప్పుగా మార్చాను. ఆ మధ్యాహ్నమంతా ఎండలో కూర్చుని దాన్ని తిరిగి పాత చోటికి తేవాల్సి వచ్చింది.

అందుకే మీరు ముందు చేయాల్సింది ఐదు గుళ్లు కొట్టడం. పక్కన నాన్న ఉండాలి, కళ్లకి అద్దాలు ఉండాలి, కాగితం వెనక మట్టి నింపిన బస్తా ఉండాలి. తుపాకీని ఇసుక సంచి మీద ఆనించి, ఒకే చోట గురిపెట్టి, తొందరపడకుండా కొట్టండి. మధ్యలో ఏదీ సరిచేయకండి. ఆ తర్వాత చిన్ను కూడా ఐదు కొట్టాలి. ఐదూ ఒకచోట గుంపుగా పడి, ఇద్దరి గుంపులూ ఒకే పక్కకి ఉంటే సైట్ మీద అనుమానపడొచ్చు. కాగితం నిండా చెల్లాచెదురుగా పడితే మాత్రం సైట్‌ని ముట్టుకోవద్దు. చెక్కకి, బారెల్‌కి (గుండు పోయే గొట్టానికి) మధ్య మరలు వదులయ్యాయేమో చూడండి. పాత తుపాకుల్లో సగం జబ్బులు అక్కడే ఉంటాయి.

బ్యాక్‌సైట్‌కి పక్కన ఒక మర ఉంటుంది. తేడా కొద్దిగానే ఉంటే దానితోనే సరిచేసుకోండి. గుండు ఎటు పడాలో బ్యాక్‌సైట్‌ని అటు జరపాలి. ఫోర్‌సైట్‌కి ఇది తలకిందులు: గుండు ఎటు తప్పుతోందో అటే జరపాలి. ఎడమకి పోతుంటే ఎడమకే. వింతగా ఉంది కదూ? ఫోర్‌సైట్ ఎడమకి జరిగితే, దాన్ని మళ్లీ గురి మీదికి తేవడానికి నువ్వు గొట్టం మూతిని కుడికి తిప్పుతావు, గుండు మూతి వెంటే పోతుంది. ఎత్తు సంగతీ అంతే. మా పాత త్రీ నాట్ త్రీ రైఫిళ్లకి ఫోర్‌సైట్ బ్లేడ్లు వేర్వేరు ఎత్తుల్లో వచ్చేవి, గుండు పైకి పోతుంటే ఎత్తైన బ్లేడు వేసేవాళ్లం.

ఎంత జరపాలో మీ పదో తరగతి సరూప త్రిభుజాలే చెప్తాయి. రెండు సైట్ల మధ్య దూరం టేపుతో కొలవండి. 50 సెంటీమీటర్లు ఉందనుకుందాం. పది మీటర్లంటే వెయ్యి సెంటీమీటర్లు, అంటే ఇరవై రెట్లు. ఫోర్‌సైట్ ఒక్క మిల్లీమీటర్ కదిలితే కాగితం మీద గుండు రెండు సెంటీమీటర్లు కదులుతుంది. మీ గుంపు నాలుగు సెంటీమీటర్లు ఎడమకి ఉంటే జరపాల్సింది రెండే మిల్లీమీటర్లు. సుత్తితో ఒక్కటిస్తే ఎక్కడికి పోతుందో ఇప్పుడు మీరే లెక్కేయండి.

ఇక పని. ముందుగా బారెల్ విరిచి, అంటే మడత దగ్గర కిందికి వంచి, వెనక నుంచి గొట్టంలోకి వెలుగు కనిపిస్తోందో లేదో నాన్న చూడాలి. లోపల గుండు లేదని, గాలిని నెట్టే స్ప్రింగ్ ఎక్కించి లేదని ఖాయమయ్యాకే పని మొదలుపెట్టాలి. స్ప్రింగ్ ఎక్కి ఉన్నప్పుడు ట్రిగ్గర్ తగిలితే విరిచిన బారెల్ విసురుగా పైకి లేస్తుంది, మధ్యలో వేలుంటే నలిగిపోతుంది. తర్వాత సైట్ అడుగుకి, బారెల్‌కి కలిపి సన్నటి పెన్సిల్ గీత ఒకటి గీయండి. అదే మీ పాత చోటు. సైట్‌ని పట్టి ఉంచే చిన్న మర ఉంటే వదులు చేయండి. తుపాకీని గుడ్డ చుట్టిన చెక్క మీద గట్టిగా ఆనించి, సైట్ మొనకి కాదు, అడుగుకి ఇత్తడి కడ్డీ ఆనించి చిన్న సుత్తితో మెల్లగా తట్టండి. ఇత్తడి మెత్తన, ఇనుముకి గాటు పెట్టదు. తట్టిన ప్రతిసారీ గీతలు ఎంత తప్పాయో చూడండి. మర బిగించి, మళ్లీ ఐదు గుళ్లు. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి, ఆ గుళ్లు సీసంవి.

ఇదంతా గాలి తుపాకీకే. చిన్నూ, నువ్వు ఎన్.సి.సి.లో చేరావు కనుక చెప్తున్నా, అక్కడి రైఫిల్ సైట్ వంకరగా ఉందనిపిస్తే చేయి పెట్టకు, ఆర్మరర్‌కి చెప్పు. లైసెన్సున్న తుపాకీలు రిపేరు చేయడానికీ ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు కావాలి. అది ఇంట్లో చేసే పని కాదు.

బుజ్జీ, నువ్వు అడిగిన పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో గుండు 4.5 మిల్లీమీటర్లు, పది పాయింట్లు వచ్చే నడిమి చుక్క అర మిల్లీమీటరే. మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012లో లండన్‌లో కంచు పతకం తెచ్చింది ఆ చుక్కని కొట్టే. అంతకుముందు 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచిన రోజున, ఫైనల్‌కి ముందు వేసిన గుండు ఎక్కడో పడిందట. ఉన్న కొద్ది నిమిషాల్లో సైట్ సరిచేసుకున్నానని ఆయన తర్వాత చెప్పాడు. చివరి గుండుకి 10.8 కొట్టాడు, ఫైనల్లో ఒక్క గుండుకి 10.9కి మించి రాదు.

ఐదేసి గుళ్లు కొట్టిన రెండు కాగితాలు నాకు ఫోటో తీసి పంపండి. ఏది ఎవరిదో పేర్లు రాయకండి, నేనే చెప్తాను. నేను చూసే దాకా సుత్తి నాన్న దగ్గరే ఉండాలి.

మీ తాతయ్య